ఈక లేని ఈగ

కుందేలు వీపున మెత్తగా పుట్టిన నూగా, మేకపోతు గడ్డాన గరుగ్గా వేలాడిన పోచా, మంద దాటిపోయాక ముళ్ళకంపకు చిక్కుకున్న ఉన్నిపీచా, మీకు దండం. సంతలో మీకు ధర లేదు. గుమ్మం ముందు ఊడ్చిన చెత్తలో ఉంటారు, పశువుల చావిడి మూలలో ఉంటారు. అయినా మిమ్మల్ని చిటికెడు తీసి, మైనం రాసిన దారంలో పెట్టి మెలితిప్పి, కొక్కేనికి మూడు చుట్లు చుట్టి కాలువలో వేస్తే ఆ చుట్టు ఊపిరి తీసుకుంటుంది. నీరు లాగినప్పుడు ముడుచుకుంటుంది, నీరు వదిలినప్పుడు విచ్చుకుంటుంది. అక్కడేదో బతికున్నదని చేప నమ్ముతుంది.

గోదావరి డెల్టాలో గాలం తెలియని పిల్లలుండరు. వెదురు గెడ, చివర దారం, జీలుగు బెండు, గాలానికి వానపాము. పెద్ద చేపకైతే రొయ్య, లేకపోతే పిండిముద్ద. నేను పాడేది ఎర లేని గాలం గురించి. ఉత్త కొక్కెం మీద వెంట్రుకలో ఈకలో చుట్టి, పురుగునో చిట్టిచేపనో తలపించేలా కట్టిన ఈగ గురించి. ఇంగ్లీషువాళ్ళు ఫ్లై అన్నది దీన్నే. ఇందులో తినడానికేమీ లేదు. వాసన లేదు, రుచి లేదు. ఉన్నదల్లా కదలిక.

ఈ విద్య ముసలిది. సుమారు 1800 ఏళ్ళ కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియాలో ఆస్ట్రేయస్ నది ఒడ్డున జాలరులు చేసే పనిని వర్ణించాడు. నీటి మీద వాలే ఒక పురుగుని అక్కడి చేపలు ఎగిరి మింగేవట. ఆ పురుగుని చేత్తో పట్టుకుంటే రంగూ రెక్కా పాడైపోతాయి, గాలానికి గుచ్చడానికి పనికిరాదు. అందుకని వాళ్ళు కొక్కేనికి ఎర్రటి ఉన్ని చుట్టి, దాని మీద పుంజు మెడ కింది ఈకలు రెండు కట్టేవారు. రాతకెక్కిన తొలి ఈగలోనే ఉన్ని ఉంది చూశారా! ఈక వచ్చి దాని మీద కూర్చుంది. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలం పుస్తకంలో 12 ఈగలున్నాయి, వాటిలోనూ చాలావాటి ఒళ్ళు ఉన్నివే. గొర్రె ఉన్నచోటల్లా ఈగకి సగం ప్రాణం ముందే సిద్ధంగా ఉంది.

తరవాత ఈక రాజ్యమేలింది. దానికి కారణం లేకపోలేదు. పుంజు మెడ ఈకలోని పోచలు సన్నగా, గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటాయి. ఆ ఈకను అంచు మీద నిలబెట్టి కొక్కెం చుట్టూ చుడితే పోచలు అన్ని వైపులా కాళ్ళై నిలుచుంటాయి. వాటి కొనలు నీటి పైపొరను చీల్చవు, నొక్కుతాయి. ఈగ తేలుతుంది. 20వ శతాబ్దంలో చాలాకాలం ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఈగలు కట్టేవాళ్ళ బల్లల మీదికి ఈ ఈకల్లో చాలా మన దేశం నుంచి వెళ్ళాయి. మన నాటుపుంజు మెడతోలు ఈకలతో సహా ఎండి, ఇండియన్ నెక్ అన్న పేరుతో సముద్రాలు దాటింది. ఆ తరవాత అమెరికాలో మెడ ఈక కోసమే కోళ్ళను తరాల తరబడి ఏరి పెంచడం మొదలైంది. అలా పెంచేవాటిలో పేరుపడ్డ వైటింగ్ ఫార్మ్స్ కొలరాడోలో ఉంది, ఆ ఊరి పేరు డెల్టా. డెల్టాలో పుట్టినవాడిగా ఆ పేరు చదివినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. 2011లో అమెరికాలో ఆ పొడవాటి ఈకల్ని జుట్టులో పెట్టుకోవడం ఫ్యాషనైంది. క్షౌరశాలలు ఈకలకోసం ఎగబడ్డాయి, ధరలు ఆకాశానికి పోయాయి, ఈగలు కట్టేవాళ్ళు ఖాళీ చేతులతో మిగిలారు. అలా మిగిలినవాళ్ళకి నూగు ఎప్పటిలాగే అందుబాటులో ఉంది.

పుంజు రంగుల గురించి గోదావరివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాకి, సేతు, డేగ, నెమలి, పర్ల, కౌజు, మైల, పింగళ, అబ్రాసు. సంక్రాంతి రోజుల్లో భీమవరం వైపు ఏ ఊరి చివర నిలబడినా ఈ పేర్లు గాలిలో వినిపిస్తాయి. నలుపు తెలుపు సమంగా కలిసిన పర్ల మెడను చూస్తే ఈగలు కట్టే చెయ్యి ఊరుకోదు. లేత బంగారు అబ్రాసును చూస్తే ఉసిళ్ళ రెక్కలు గుర్తొస్తాయి. ఆ అందానికి నేను ఎప్పుడూ లోబడే ఉంటాను. కానీ పుంజు మెడ కావాలంటే పుంజు పోవాలి. వెంట్రుకకు ఆ వెల లేదు. అది దువ్వెనకు వస్తుంది, కంపకు చిక్కుతుంది, ఎండాకాలం వస్తే తనంతట తనే రాలుతుంది. నా పాట వెంట్రుక వైపు తిరగడానికి కారణం అదే.

అడవికోడి మెడ ఈకల కథ ఇంకా బాధాకరమైనది. దక్షిణాది అడవుల్లో తిరిగే ఆ బూడిదరంగు కోడిపుంజు మెడ మీద మైనం చుక్కల్లాంటి పసుపు మెరుపులుంటాయి. విదేశాల్లో సాల్మన్ చేపకు కట్టే ఈగల చెంపలకు వాటిని పెట్టేవారు. ఇంకెక్కడో నదిలో ఒక చేప కన్ను కలవడానికి ఇక్కడ అడవిలో పక్షులు కూలాయి. అడవి పక్షుల ఈకల ఎగుమతిని 1902లోనే నిషేధించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు ఆ పక్షిని వేటాడటం నేరం. జింక వెంట్రుక బోలుగా ఉండి బాగా తేలుతుంది, పడమటి దేశాల్లో దాన్ని విరివిగా వాడతారు. మనకది వద్దు. ముంగిస జూలు ఎంత ముచ్చటైనదైనా వద్దు. నెమలి తనంతట రాల్చిన పింఛం పోచ దొరికితే కళ్ళకద్దుకుని తీసుకోవచ్చు, అంతే. ఈ హద్దులు నాకు భారంగా తోచవు. హద్దు ఉన్నందువల్లే చూపు దగ్గరి వస్తువు మీదికి వచ్చింది.

ఆ దగ్గరి వస్తువులు ఎన్నని! పెంపుడు కుందేలు నూగులో రెండు పొరలుంటాయి. లోపలిది గాలిని పట్టి ఉంచే పొగమంచు. పైది నిటారుగా నిలిచే ముళ్ళపోచ. రెంటినీ కలిపి మెలితిప్పితే ఒకటి ఒళ్ళవుతుంది, ఒకటి కాళ్ళవుతుంది. ఇంట్లో పొమరేనియన్ కుక్క ఉంటే ఎండాకాలం దువ్వెనకు వచ్చేదంతా బంగారమే. దూడ చెవి వెంట్రుకలు పొట్టివి, చిన్న ఈగకు సరిపోతాయి. ఎద్దు తోక కుచ్చు పొడవైనది, చిట్టిచేపను కట్టడానికి అదే ఆధారం. మేక వెంట్రుకకు నీళ్ళలో వంగే గుణమూ లేచే గుణమూ రెండూ ఉన్నాయి, ఉప్పునీటి ఈగలకు దానికి సాటి వచ్చేది నాకు ఇంకా కనిపించలేదు. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మందలు రాత్రిళ్ళు పడుకుంటాయి. తెల్లారి మంద లేచిపోతుంది. ఎరువు రైతుకు మిగులుతుంది, కంచె ముళ్ళకు పట్టిన ఉన్ని నాకు మిగులుతుంది.

అవే చేలల్లో రాలిన గింజల కోసం బాతుల గుంపులు తోలుకొస్తారు. బాతు తోక మొదట్లో నూనెగ్రంథి చుట్టూ చిన్న చిన్న ఈకలుంటాయి, వేలిగోరంత. వాటి పోచల్లో గాలి బుడగలు ఇరుక్కుని మునగనివ్వవు. ఫ్రాన్సు, స్విట్జర్లాండుల్లో ఈగలు కట్టేవాళ్ళు వాటిని నెత్తిన పెట్టుకున్నారు. మన బాతుల కాపరి వెంట నాలుగడుగులు నడిస్తే గట్టు మీద గాలికి దొర్లుతూ అవే దొరుకుతాయి.

చెట్ల నూగును మరిచిపోతే పాపం. తెల్లబూరుగు దూది పోగు లోపల బోలు, అందుకే ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షణ కోట్లలో దాన్ని కూరేవారు. మనిషిని తేల్చినది ఈగను తేల్చదా? జిల్లేడు కాయ పగిలితే వచ్చే పట్టుదూది కూడా నీటిని అంటనివ్వదు. జపాన్ కొండవాగుల జాలరులు ఒక జాతి ఫెర్న్ మొలక మీది నూగుతో ఈగ ఒళ్ళు కట్టేవారు. వాళ్ళది దారం చుట్టే చక్రం లేని గెడ, కొనకు కట్టిన దారం, ఒకటే ఈగ. కాలువ గట్టున మన వెదురు గెడకూ దానికీ చుట్టరికం ఉంది. కొబ్బరి పీచు సంగతి వేరే చెప్పాలా? కోనసీమలో అడుగడుగునా ఉన్న పీచు ఉప్పునీటికి తొందరగా చివకదు. రొయ్య మీసానికీ, పీత కాలికీ అంతకంటే నిజమైన రంగు నాకు తెలియదు.

దారం కావాలా? నరసాపురం ఆడవాళ్ళు అల్లే లేసు నుంచి మిగిలిన నూలు తునకలు చాలు. మెరుపు కావాలా? కుందేలు చెవి నూగుకి బంగారు తీగ చుట్టిన ఈగ ఇంగ్లండులో పాతకాలం నుంచి ఉంది. మనకు ఉప్పాడ మగ్గం దగ్గర తెగిపడిన జరీపోగు ఉంది. చీర అంచున మెరవాల్సిన పోగు నీళ్ళ అడుగున పురుగు పొట్ట మీద మెరుస్తుంది.

ఇక కట్టడం. స్తోత్రంలో పని ఉండాలి. ముక్కు పటకారుతో కొక్కెం వంపుని పట్టి, పటకారు పిడులకు రబ్బరు బ్యాండు బిగిస్తే వైస్ కొనక్కర్లేదు. దారానికి తేనెమైనం రాసి, కొక్కెం కన్ను దగ్గర మొదలుపెట్టి వంపు దాకా పరవాలి. తోకకు మేక వెంట్రుకలు నాలుగు. ఒంటికి ఉన్ని, దారానికి వేళ్ళతో నలిపి సన్నగా పట్టించి తిరిగి కన్ను వైపు చుట్టుకుంటూ రావాలి. దాని మీద ఏటవాలుగా జరీ. ఇక మిగిలింది ఈక ఉండాల్సిన జాగా. అక్కడ దారాన్ని ఉచ్చుగా దింపి, రెండు పోగుల మధ్య వెంట్రుకల్ని అడ్డంగా పేర్చాలి. పలచగా పేర్చాలి, ఎంత పలచగా అంటే వాటి మధ్యనుంచి అవతలి బల్ల కనిపించాలి. ఉచ్చు అడుగున ఇంకో చిన్న కొక్కెం తగిలించి తిప్పితే, అరచేతిలో పత్తిని వత్తి చేసినట్టు పోగులు బిగిసి, వెంట్రుకలన్నీ చుట్టూ నిక్కపొడుచుకుంటాయి. దాన్ని కన్ను వెనక రెండు మూడు చుట్లు తిప్పాలి. ప్రతి చుట్టుకూ తడివేళ్ళతో వెంట్రుకల్ని వెనక్కి దువ్వాలి. ముడి వేసి, దాని మీద రంగులేని గోళ్ళరంగు ఒక చుక్క వేస్తే పని అయినట్టే. ఈగ నీటిమీద చదునుగా కూర్చోవాలంటే అడుగు వెంట్రుకల్ని కత్తెరతో కోసేయాలి.

చూడటానికి ఇదేమంత అందంగా ఉండదు. ఈకతో కట్టిన ఈగ అద్దాలబీరువాలో పెట్టదగ్గది. నూగుతో కట్టింది చింపిరిజుట్టుతో నిద్రలేచిన పురుగు. పొడిగా ఉన్నంతసేపూ దానికి రూపం లేదు. తడి తగిలాకే దానికి రూపం వస్తుంది. అందుకే దాన్ని చూసి మెచ్చుకోవాల్సింది మనం కాదు. ఎక్కువ వెంట్రుకలు పెట్టి గుబురుగా కడితే మనకు నిండుగా కనిపిస్తుంది, నీళ్ళలో మొద్దులా పడి ఉంటుంది. తగ్గించిన కొద్దీ ప్రాణం వస్తుంది.

ఒకసారి కాలువ గట్టు మీద గాలం వేసుకుంటున్న ఒక పెద్దాయన నా చేతిలోది చూసి అడిగాడు.

"ఏటండీ అది, పురుగాండీ?"

"కట్టిందండీ బాబాయ్. కుందేలు వెంట్రుకలండీ."

"మరి ఎరేదండీ?"

"అదే ఎరండీ."

ఆయన దాన్ని అరచేతిలో పెట్టించుకున్నాడు. కాలువ నీళ్ళు నాలుగు చుక్కలు దాని మీద చిలకరించి, మెల్లగా ఊదాడు. వెంట్రుకలు లేచి వాలాయి. "ఆయ్, ఊపిరి తీత్తందండీ" అన్నాడు. ఈ విద్య మీద నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే సూటి మాట నాకు దొరకలేదు.

చేపలు ఈగకు వస్తాయా అని ఈ నేల మీద ఎవరికైనా సందేహముంటే, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ ఆ సందేహాన్ని ఎప్పుడో తీర్చాడు. 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ‘ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశాడు. అప్పటి గోదావరి జిల్లా కూడా ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. అంతకుముందే, 1803లో పాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు అచ్చువేస్తూ వాటికి మన జాలరుల నోటి తెలుగు పేర్లు పెట్టాడు. పాట్రిక్ రస్సెల్‌కి నేను మనసులో మొక్కుకుంటాను, చేప పేరు అడిగి తెలుసుకున్నందుకు.

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక నీరు కాలువలై, పిల్లకాలువలై, చేల గట్ల పక్క బోదెలై ఊరూరికీ వెళ్ళింది. ఆ సన్నటి నీళ్ళలోనే ఈగకు పని. తొలకరి పడిన సాయంత్రం నేల కింది నుంచి ఉసిళ్ళు లేస్తాయి. వీధిదీపాల కింద రెక్కలు రాలుతాయి, కాలువ మీద కొన్ని పడతాయి. అప్పుడు నీటి పైన తిరిగే పరిగెలు పిచ్చెత్తినట్టు ఎగురుతాయి. ఆ గంటలో లేతరంగు కుక్కనూగుతో కట్టిన చిన్న ఈగను మించింది లేదు. వరి కోతల వేళ మిడతలు గట్ల మీంచి నీళ్ళలోకి దూకుతాయి. వాటికి పచ్చగా అద్దిన ఉన్ని ఒళ్ళు, ఎద్దు తోక వెంట్రుకలతో కాళ్ళు. గుర్రపుడెక్క కమ్మిన మురుగు మడుగులో కొర్రమీను ఉంటుంది. ఊపిరి కోసం పైకి వచ్చి మళ్ళీ దిగుతుంది. దాని ముందు మేకవెంట్రుకల లావుపాటి కప్పను లాక్కుంటూ పోతే నీళ్ళు పగులుతాయి. కానీ ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కదులుతుంటే గెడ పక్కన పెట్టాలి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది, దగ్గరికొచ్చిన దేన్నయినా కరుస్తుంది. ఆ కోపాన్ని గాలానికి తగిలించుకోవడం వేట కాదు.

పులస మాత్రం ఈ పాటలో లేదు. వరదనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే ఆ చేప నీటిలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకుని బతుకుతుంది. దానికి ఈగతోనూ వానపాముతోనూ పెద్దగా పని లేదు. దాన్ని నేను వలకే వదిలేశాను. అలా ఒక్క చేపైనా నా మోసానికి అందకుండా ఉండటం నాకు నచ్చుతుంది.

మోసం అన్నాను గనక ఇంకో మాట. ఈ విద్య మనుషులదే అని నేను అనుకోను. కోరింగ మడ అడవుల్లో చెట్ల వేళ్ళ మీద కదలకుండా కూర్చునే చిన్న బూడిదరంగు కొంగ ఒకటుంది. దాని జాతి పక్షులు పురుగునో పుల్లనో ఈకనో తెచ్చి నీటి మీద వదిలి, చేప వచ్చేదాకా కాచుకోవడాన్ని 1980ల్లో జపాన్‌లో హిగుచి అనే శాస్త్రవేత్త గమనించి రాశాడు. మనకు ఎవరూ నేర్పకముందే ఈకను నీటి మీద పెట్టిన గురువు అది. అవే మడల్లో రాత్రిళ్ళు తిరిగే బావురుపిల్లి నీటి మీద పంజాతో మెల్లగా తడుతుందని, పురుగు పడిందనుకుని చేప పైకి వస్తుందని చెబుతారు. ఈకతో పక్షి, వెంట్రుకల పంజాతో పిల్లి. మధ్యలో చేతికి మైనం అంటుకున్న మనిషి.

ఈగలు కట్టే ప్రతివాడిలోనూ ఒక ఆరాటం ఉంటుంది, వస్తువు అందుకుంటూనే నీళ్ళలో దాన్ని ఊహించుకోవడం. నాకు ఇప్పుడు అందరి ఇళ్ళూ పెట్టెలే. దిండు చిరిగి బూరుగుదూది ఎగిరితే చెయ్యి చాస్తాను. మంగలి ఊడ్చే జుట్టు మీద కూడా కన్ను పడుతుంది. మనిషి వెంట్రుక నున్నగా జారిపోతుంది, ఉచ్చులో నిలవదు, ఉన్ని కలిపితే కొంత నిలుస్తుంది. దువ్వెన పళ్ళలో మిగిలిన పిల్లి నూగు మహా మెత్తన, నీళ్ళలో పొగలా పరుచుకుంటుంది, కానీ దానికి వెన్నెముక లేదు. దానికి నాలుగు మేకపోచలు కలపాలి. ఒకదాని లోటును ఇంకొకటి తీర్చడమే ఈ కూర్పులో నాకు మిక్కిలి ఇష్టమైన సంగతి.

ఈ చలికాలం పండుగప్ప కోసం కొత్తది కడుతున్నాను. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వైపు, పోటు తిరిగి నీరు మడకాలువల్లోంచి వెనక్కి లాగే వేళ, అది కొమ్మల నీడన తల ఎదురుపెట్టి నిలబడుతుంది. రొయ్యపిల్లలు ఆ లాగుడుకి కొట్టుకొస్తాయి. ఆస్ట్రేలియాలో ఈ చేపకు ఈగ వేయడమే ఒక పెద్ద వేట. నా ఈగకు తెల్లమేక గడ్డం తోక, ఒంటికి కొబ్బరి పీచు, దాని మీద జరీ విడివిడిగా, మీసాలకు ఎద్దు తోక. కన్ను దగ్గర చిన్న సీసపు పూసలు రెండు, తల కిందికి వాలడానికి. మెడ చుట్టూ ఈక పెట్టాల్సిన చోట దూడవెంట్రుకలూ కుందేలు నూగూ కలిపిన మెలి. మొదటిది గుబురుగా వచ్చింది, విప్పేశాను. రెండోదానికి సగం వెంట్రుకలే పెట్టాను. తొట్టి నీళ్ళలో లాగి చూస్తే మీసాలు ముందు కదిలి, తరవాత ఒళ్ళు కదిలింది. ఇంకా కాస్త తగ్గించాలి.